సగం బెర్తు

నరసాపురంలో నేనెక్కేసరికే ఆవిడ సర్దుక్కూర్చుంది.
ముప్పై ఒకటి ఆవిడది.
ముప్పై ఒకటి నాది కూడా.
పక్క బెర్తు, ఎదురెదురుగా నాలుగు మోకాళ్లు,
హైదరాబాదు దాకా ఒక్క రాత్రి.
"మీ మంచినీళ్ల సీసా ఇలా ఇవ్వండి, అక్కడైతే దొర్లిపోద్ది,"
అని తీసుకుని తన కిటికీ కొక్కేనికి తగిలించింది.

నా ఒళ్లో తెల్ల థర్మోకోల్ పెట్టె.
కింద పెడితే ఎవరో ఒకరు తన్నేస్తారని ఒళ్లోనే.
వీరవాసరం దాటాక అడిగింది.
"ఏవుందండీ అందులో?"
"నీళ్లు."
"గోదారొడ్డు నించి నీళ్లు మోసుకెళ్తన్నారా, ఆయ్!"
నవ్వితే పై పన్నొకటి లేదు.

రొయ్యల చెరువుల నీళ్లని చెప్పాను.
పన్నెండు సీసాలు, మధ్యమధ్య ఐసు,
సీసాకొక రైతు పేరు, ఊరి పేరు.
ఉప్పెంతో, అమ్మోనియా ఎంతో
ల్యాబులో కొలిచి కాగితం మీద రాసివ్వాలి.
"ఉప్పుకి మిషనెందుకండీ,
నాలిక మీదేసుకుంటే తెలీదూ?"

మాట్లాడుతూనే లేసు అల్లుతోంది.
చూపు నా మీద, సూది దాని పాటికది.
దారపుండ స్టీలు గిన్నెలో ఉంది,
రైలు కుదిపినప్పుడల్లా
గిన్నెలో ఎలకపిల్లలా తిరుగుతోంది.

భీమవరంలో జనం.
చంకలో సంచితో ఒకాయన "కొంచెం జరగండమ్మా" అన్నాడు.
అప్పటిదాకా ఒకరికొకరం అడ్డం.
"ఇది మా ఇద్దరిదీనండి," అందావిడ,
పొలం గట్టు మీద నిలబడి చెప్పినట్టు.
నేను కూడా మోకాళ్లు కొంచెం వెడల్పు చేశాను.

ఉండి దాటాక ఎక్కడో, సిగ్నలు లేక ఆగింది.
బయట చెరువులు, చెరువుల మీద బల్బులు,
నీళ్లని చిలుకుతున్న ఏరేటర్ల చప్పుడు.
దిబ్బరొట్టె తుంచి
సగం నా పెట్టె మూత మీద పెట్టింది,
అది మా బల్ల అయినట్టు.
"మా ఇంటెనకాలా ఇదే రొద.
చెరువులొచ్చాక మా నుయ్యి ఉప్పెక్కిపోయింది.
ఆరేళ్లవుతోంది.
చుట్టాలొస్తే కాఫీకి కూడా డబ్బా నీళ్లేనండి."
కోపం లేదు గొంతులో.
వాన ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది.
ఏ ఊరని అడిగాను. చెప్పింది.

ఏడో సీసా మీద ఆ ఊరి పేరే ఉంది.

నేనేం చెప్పలేదు.
మూత మీద రొట్టె తినేసి
రెండు చేతులూ మూత మీదే ఉంచుకున్నాను.

ఆకివీడులో వంతులు వేసుకున్నాం.
గుడివాడ దాకా నేను నడుం వాల్చాలి,
ఆ తర్వాత ఆవిడ.
నా కాళ్లు తగలకుండా ముడుచుకుంటే
"చాపుకోండి, నేనేం చక్కెర బొమ్మనా," అంది.
అప్పటికీ చాపలేదు.

కైకలూరు దగ్గర టీసీ వచ్చాడు.
చేతిలో పలక, దాని వెలుగు గెడ్డం మీద.
"ఎస్తేరమ్మ, అరవై ఒకటి. మీరేనా?
ఎస్ ఏడులో ఒక బెర్తు ఖాళీ అయింది. ఎవరెళ్తారు?"
పేరు అప్పుడే తెలిసింది నాకు.
"ఈ బాబుకిచ్చెయ్యండి," అంది,
"ఒళ్లో నీళ్లున్నాయి పాపం, పడుకోబెట్టుకోవాలి."

మీరెళ్లండి అనాలి నేను.
అరవై ఒకటి అని టీసీ పైకి చదివాడు కూడా.
నోట్లో మాట తయారుగానే ఉంది.
పెట్టె ఎత్తుకుని లేచాను.

ఎస్ ఏడులో బెర్తు మొత్తం నాదే.
పడుకున్నా మోకాళ్లు గడ్డం దగ్గరే ఉన్నాయి,
కాళ్ల దగ్గర ఇంకా ఎవరో కూర్చున్నట్టు.
ఎప్పుడు రాత్రయిందో, ఎప్పుడు కొల్లేరు వెనకబడిందో.
సెల్లు లైటు వేసి పెట్టె తెరిచాను,
ఏడో సీసా మూత తిప్పి, చిటికెన వేలు ముంచి
నాలిక మీద పెట్టుకున్నాను.

తర్వాత తడుముకున్నాను దాహానికి
బ్యాగులో, దిండు కింద, కాళ్ల దగ్గర.

నా మంచినీళ్ల సీసా
ఆవిడ కిటికీ కొక్కేనికి
ఊగుతూ ఉండి ఉంటుంది.